వేలు పడని లాప్‌టాప్

ఆ బుధవారం నారాయణమ్మ ఇంట్లో వేసుకున్న ప్రణాళిక ఎంత చిన్నదంటే, ప్రణాళిక అనడానికి కూడా మొహమాటంగా ఉంటుంది. తొమ్మిదింటికి చద్దన్నం, పదింటికి లాప్‌టాప్‌లో ఒక్క నొక్కు, ఆ తర్వాత టీ. ఆ ఒక్క నొక్కు కోసం ఆవిడ మూడు వారాలుగా ఎదురుచూస్తోంది.

భోగాపురం దాటి సముద్రం వైపు తిరిగితే వచ్చే జాలర్ల పల్లె వాళ్ళది. నారాయణమ్మ ఇరవై రెండేళ్ళుగా ఎండుచేపలు అమ్ముతోంది. నెత్తళ్ళు, సావిళ్ళు, రొయ్యపప్పు గంపకెత్తుకుని వారానికి మూడు సంతలు తిరుగుతుంది. ఎండొస్తే తను ఎండుతుంది, వానొస్తే ఉన్న ఒక్క పట్టా గంప మీద కప్పి తను తడుస్తుంది. విశాఖపట్నంలో అయిదు రోజుల చేపల మేళా పెడుతున్నారని, ఆడవాళ్ళకు ఇరవై స్టాళ్ళు ఉచితంగా ఇస్తారని కూతురు దుర్గ ఫోనులో చూసి చెప్పింది. స్టాలంటే పైన కప్పు, లోపల ఫ్యాను, ముందు పేరున్న బోర్డు.

"ఫ్యాను కింద కూకుని సేపలమ్మడమే!" అని నారాయణమ్మ ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉంది. మర్నాడే వెళ్ళి బోర్డు రాయించేసింది. 'నారాయణమ్మ ఎండుచేపలు' అని ఎర్రటి అక్షరాలు, పక్కన ఒక చేప. ఆ చేపకు పెయింటరు కనురెప్పలు కూడా పెట్టాడు. స్టాలు ఇంకా రాలేదు కదమ్మా అని దుర్గ అంటే, "బోర్డున్నాది కదే, స్టాలెక్కడికి పోతాది" అంది.

పేరు, ఫోటో, ఆధారు నంబరు ముందే ఎక్కించేశారు. ఇక మిగిలింది స్టాలు ఎంచుకోవడం. బుధవారం పది నుంచి పన్నెండు దాకా స్టాళ్ళ పటం తెరుచుకుంటుంది. ఖాళీగా ఉన్న గడి మీద బాణం పెట్టి నొక్కితే ఆ స్టాలు మనది. ముందు నొక్కినవాళ్ళకు ముందు. ఆ పటం ఫోనులో తెరుచుకోదు, కంప్యూటరే కావాలి. విజయనగరంలో డిగ్రీ చదివేటప్పుడు దుర్గకు కొన్న లాప్‌టాప్ ఉండనే ఉంది కాబట్టి ఎవరూ దిగులు పడలేదు. ఇంట్లో సిగ్నల్ ఉండదని, వీధి అరుగు మీద ఐసు పెట్టె బోర్లించి దాని మీద లాప్‌టాప్ పెట్టారు.

దుర్గ నాన్నమ్మ దాలమ్మకు ఒక పట్టింపు ఉంది. డెబ్బై అయిదేళ్ళ జీవితంలో పసుపూ కుంకుమా పెట్టకుండా ఆ ఇంటి పడవ నీళ్ళలోకి దిగలేదు. ఇంత పెద్ద పని చేయబోయే యంత్రం బోసి మొహంతో కూర్చుంటే ఆవిడకు మనసొప్పలేదు. దుర్గ స్నానానికి వెళ్ళినప్పుడు కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. పడవకైతే బొట్టు ఎక్కడ పెట్టాలో తెలుసు. దీని మొహం ఎటుందో తెలియలేదు. అద్దం మీద పెడితే మనవరాలు అరుస్తుంది. చివరికి మీటల పైవరుసలో ఒక మూల మీట చూసి, పసుపు రాసి, కుంకుమ బొట్టు గట్టిగా అద్దింది. అద్దగానే దాని పక్కన ఆవగింజంత దీపం వెలిగింది. దాలమ్మ రెండు చేతులెత్తి దండం పెట్టింది. మంచి శకునం పైకి చెబితే చెడుతుందని ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా పదింటికి పటం తెరుచుకుంది. ఇరవై గడులూ పచ్చగా ఉన్నాయి. దుర్గ మీటల కిందున్న పలక మీద వేలు పెట్టి జరిపింది. బాణం కదల్లేదు.

"నొక్కవేటే?" అంది నారాయణమ్మ.

"నొక్కడానికి బాణం కదలాలి కదమ్మా."

"మరి కదపవేటి?"

"కదపతానే ఉన్నాను. అదే కదల్లేదు."

దుర్గ లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టింది. బాణం కదల్లేదు. మీటలతో ప్రయత్నిస్తే పేరు మీదకి, ఊరు మీదకి, ఫోను నంబరు మీదకి వెళ్ళింది గాని పటం మీదకి మాత్రం వెళ్ళనంది. గుడ్డ తీసి తుడవబోతే దాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"బొట్టు జోలికెల్లకు. పనయ్యేదాకా బొట్టు సెరపకూడదు."

"లాప్‌టాప్‌కి బొట్టేటి మామ్మా!"

"పడవకెట్టినప్పుడు అడిగినావేటి?"

మౌసు ఒకటి ఉంటే గండం గట్టెక్కుతుంది. ఊరి పక్కన విమానాశ్రయం కట్టారు గాని, ఊళ్ళో మౌసు అమ్మే కొట్టు ఎవరూ కట్టలేదు. దుర్గ తండ్రి అప్పలసూరి బండి తీశాడు. "భోగాపురం ఎల్లి అరగంటలో ఒచ్చెస్తాను. అంతవరకూ ఆ గడులు ఎవులికీ ఇవ్వొద్దని సెప్పు" అని కూతురికి చెప్పి బయల్దేరాడు. ఎవరికి చెప్పాలో మాత్రం చెప్పలేదు.

ఈలోగా దుర్గ లాప్‌టాప్ కొన్న కొట్టుకు ఫోను చేసి స్పీకరు పెట్టింది. కొట్టాయన చాలా ఓపికగా మాట్లాడాడు. "వేలు తడిగా ఉందేమో చూడండి మేడం. పొడిగుడ్డతో తుడుచుకుని పెట్టండి. కాకపోతే ఇంకెవరి చేతనైనా వేలు పెట్టించి చూడండి. కొందరి వేలు సరిగ్గా తీసుకోదు" అని చెప్పి పెట్టేశాడు.

దాలమ్మ మొహం వెలిగిపోయింది. "ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదా! ఇది రేషను మిషనే!"

ఈ విషయంలో ఆ పల్లెకు మించిన పండితులు దేశంలో ఉండరు. తాళ్ళు లాగి, వలలు అల్లి, ఉప్పులో చేపలు ఊరబెట్టి అక్కడ సగం మంది వేళ్ళు గులకరాళ్ళలా నునుపెక్కాయి. నెల మొదలవగానే రేషను మిషను ముందు ఇదే తంతు. బొటనవేలు పడకపోతే చూపుడువేలు, అది పడకపోతే ఎడమచెయ్యి, అదీ పడకపోతే నిమ్మచెక్క రుద్దుకోవడం, ఆఖరికి ఇంట్లో ఇంకొకళ్ళను పిలుచుకురావడం. మిషను పనిచెయ్యకపోతే తప్పు మిషనుది కాదు, వేలిదని వాళ్ళకు ఏళ్ళ తరబడి నేర్పించారు. వాళ్ళు శ్రద్ధగా నేర్చుకున్నారు.

దాలమ్మ తన వేలు పెట్టింది. పడలేదు. కోడలి చేత పెట్టించింది. పడలేదు. "ఉప్పు సేతులు నీవి, నీదెలాగూ పడదు" అని తీర్పు చెప్పి, గోడ మీంచి పక్కింటి లక్ష్ముణ్ణి కేకేసింది. "ఒరే లక్ష్ముడా, ఒకపాలి ఇలగొచ్చి ఏలు ఎట్టి పోరా!"

లక్ష్ముడు వచ్చాడు, రెండు చేతుల వేళ్ళూ వరసగా పెట్టాడు, పడకపోతే "నాదెప్పుడు పడింది గనక" అని ఒడ్డుకు వెళ్ళిపోయాడు. అక్కడ వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు అడిగారు, ఎక్కడినుంచి వస్తున్నావని.

"అప్పలసూరి బావింటికాడ ఏలు ఏసొచ్చినాను."

"ఎందుకు?"

"ఎందుకో నానడగలేదు."

"నువ్వడగలేదా, ఆల్లు సెప్పలేదా?"

"ఆల్లూ సెప్పలేదు."

అంతే, నలుగురూ వలలు కింద పడేసి లేచారు. ఎందుకో చెప్పకుండా వేలు వేయించుకుంటున్నారంటే అది ప్రభుత్వం పనే అని వాళ్ళకు క్షణంలో అర్థమైపోయింది.

పదిన్నరకు అరుగు ముందు ఎనిమిది మంది ఉన్నారు. పావుతక్కువ పదకొండుకు నలభై మంది అయ్యారు, ఆధారు కార్డులు తెచ్చుకున్నారు. పదకొండుకు లైను వీధి మలుపు తిరిగింది. నిలబడలేనివాళ్ళు తమ బదులు చెప్పులు, గంపలు, ఒకావిడైతే నీళ్ళ బిందె లైనులో పెట్టారు. నిమ్మకాయలు చేతులు మారుతున్నాయి. అందరూ ముందు దాలమ్మ దగ్గర గుడ్డతో వేళ్ళు తుడిపించుకోవాలి, తర్వాత వెళ్ళి వేలు పెట్టాలి. దాలమ్మ లైనును ఎంత క్రమశిక్షణతో నడిపిందంటే, లాప్‌టాప్ ఎవరిదో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

దుర్గ గొంతు పోయేలా అరిచింది. "ఇది ప్రభుత్వానిది కాదు! మా అమ్మ స్టాలు కోసం! మీరందరూ ఎలిపోండి!"

లైనులో ఒకాయన పక్కనున్నవాడితో మెల్లగా అన్నాడు. "సూసినావా? పేర్లు నిండిపోనాయి గావాల. అందుకే ఎలిపొమ్మంతంది." లైను ఇంకాస్త దగ్గరికి జరిగింది.

తెర మీద పచ్చగడులు ఒక్కొక్కటే ఎర్రబడుతున్నాయి. పదకొండు దాటాక ఏడు మిగిలాయి. దుర్గ చదువుకున్న పిల్లే. అయినా అప్పటినుంచి ఆ పిల్ల కూడా ప్రతి వేలు వైపూ ఆశగా చూడటం మొదలుపెట్టింది. తండ్రి అరగంటన్నవాడు గంటైనా రాలేదు. ఫోను చేస్తే ఎత్తడు.

ఎందుకు రాలేదో మరో పది నిమిషాల్లో తెలిసింది. లైనులో అరవై మూడో మనిషి అప్పలసూరి.

"నాన్నా! మౌసేది?"

"ఉండమ్మా, ముందు ఏలేసీనీ" అన్నాడు అప్పలసూరి, ఆధారు కార్డు ఊపుతూ. "రోడ్డు మీద ఎదురైనోల్లందరూ సెప్పినారు, ఈవేల ఏలు పడకపోతే పేరు తీసెస్తారంట. సగం దారిలోంచి బండి తిప్పెసినాను."

"ఈ లైను ఎవులింటికొచ్చిందో సూసినావా?"

"సూసినాను. మనింటికాడే ఎట్టినారు, ఎండలో పోనక్కర్లేదు, మంచిదే అనుకున్నాను."

నారాయణమ్మ మొగుడివైపు చూసిన చూపుకు ఎండుచేపలైతే ఇంకోసారి ఎండేవి. ఆవిడ నోరు తెరిచేలోపు ఊళ్ళోంచి స్కూటరు హారను వినిపించింది. వచ్చినవాడు గ్రామ సచివాలయంలో పనిచేసే ఈశ్వర్. తమాషా ఏమిటంటే, ఆ రోజు ఆ పల్లెలో నిజంగానే వేలిముద్రలు తీసుకోవాల్సిన పని ఉంది. అది ఈశ్వర్ పని. మైకులో మూడుసార్లు చెప్పించి పొద్దుటినుంచి సచివాలయంలో మిషను పెట్టుకుని కూర్చుంటే, ఒక్క పురుగు రాలేదు. ఊరంతా దుర్గ వాళ్ళింటి ముందు ఉందని ఎవరో ఫోను చేశారు.

"ఎవరమ్మా ఇక్కడ వేలిముద్రలు తీసుకుంటున్నది? లాగిన్ ఎవరిచ్చారు మీకు?" అంటూ ముందుకు దూసుకొచ్చాడు.

"లైనులో రావాల బాబూ" అని పదిమంది ఒకేసారి అన్నారు.

ఈశ్వర్ తగ్గాడు. పైవాళ్ళు తనకు చెప్పకుండా పని ఇంకెవరికైనా అప్పగించారేమోనని భయం పట్టుకుంది. "మండలం నుంచి ఏమైనా ఆర్డరొచ్చిందా?" అని దుర్గను గొంతు తగ్గించి అడిగాడు.

దుర్గ జవాబు చెప్పేలోపే దాలమ్మ అతని చెయ్యి పట్టుకుని వేళ్ళు తుడిచేసింది. "మాటలు తర్వాత. ముందు ఏలు ఎట్టు."

పెట్టాడు. బాణం కదల్లేదు. ఇంకో వేలు పెట్టాడు. కదల్లేదు.

ఊరు ఊరంతా ఈల వేసింది. "ఈశ్వర్ బాబుదే పడ్లేదు!" వేలు పడలేదని ప్రతి నెలా అతని చేత మాటలు పడుతున్న ఆడవాళ్ళు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఒకావిడ నిమ్మచెక్క అందించింది. "బాగా రుద్దు బాబూ." ఇంకొకావిడ ఎడమచెయ్యి పెట్టి చూడమంది. లక్ష్ముడు మళ్ళీ వచ్చి లైనులో ఉన్నాడు. ఈశ్వర్ భుజం తట్టి, అతను తనతో ఎన్నోసార్లు అన్న మాటే తిరిగి అప్పజెప్పాడు.

"రేపు రా బాబూ. రేపు సూద్దాం."

అందరూ నవ్వుతున్నారు గాని దుర్గ నవ్వలేదు. గడియారం పదకొండూ యాభై చూపిస్తోంది. పటంలో ఒక్కటే పచ్చగడి మిగిలింది. నారాయణమ్మ కూతురి మొహం చూసింది, తెర చూసింది. లేచి గోడకు ఆనించిన బోర్డు దగ్గరకు వెళ్ళి, దాని మొహం గోడవైపు తిప్పేసింది.

"పోనీలేయే తల్లీ. సంతలెక్కడికీ పోలేదు కదా" అంది. ఆ గొంతులో నవ్వు లేదు. దుర్గకు ఏడుపొచ్చేసింది.

"ఇంకెవులైనా ఉన్నారా?" అని దాలమ్మ లైనువైపు కేకేసింది. ఉన్నవాళ్ళందరూ అప్పటికే రెండేసిసార్లు పెట్టేశారు. అప్పుడు ఆవిడ కన్ను అరుగు చివర కూర్చున్న అసిరయ్య మీద పడింది.

అసిరయ్య నలభై ఏళ్ళు పడవ మీద చుక్కాని పట్టినవాడు. తాడు అతని వేళ్ళ మీద గీత అన్నది మిగల్చలేదు. నాలుగేళ్ళుగా ఏ మిషనూ అతని వేలు తీసుకోలేదు. రేషను కోడలి వేలితో వస్తుంది. "ఈ తాత ఉన్నట్టా లేనట్టా" అని డిపో దగ్గర కుర్రాళ్ళు వేళాకోళమాడితే తనూ నవ్వేవాడు గాని, ఇంటికెళ్ళాక ఆ పూట అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఈరోజు పదిన్నరకే వచ్చాడు. వచ్చి, వెనకవాళ్ళందరినీ ముందుకు పంపుతూ కూర్చున్నాడు.

"నువ్వెట్టలేదేటి అన్నా?" అంది దాలమ్మ.

"నాది పడదు కదే. ఊరికే మీ పనికి అడ్డం."

"మాదేటి పడిపోనాదా? రా, ఎట్టు."

అసిరయ్య లేచి వచ్చాడు. బొటనవేలు లుంగీకి రెండుసార్లు తుడుచుకున్నాడు. ఐసు పెట్టె మరీ కిందకుంది, నడుం వంగదు. ఎడమ అరచెయ్యి మీటల మీద మోపి, దాని మీద బరువేసి, మెల్లగా వంగి, కుడి బొటనవేలు పెట్టాడు.

బాణం కదిలింది.

ముందు ఎవరూ నమ్మలేదు. అసిరయ్య అసలే నమ్మలేదు. వేలు ఇటు జరిపితే బాణం ఇటు, అటు జరిపితే అటు. "పడింది!" అని అప్పలసూరి అరిచాడు. "అసిరయ్య తాత ఏలు పడింది!" ఆ కేక ఒడ్డుదాకా వెళ్ళిందంటారు.

"తాతా, జరుగు, నేను నొక్కుతాను" అని దుర్గ చెయ్యి చాపింది. దాలమ్మ ఆ చెయ్యి మీద ఫట్టున ఒకటి వేసింది. "పడిన ఏలు తీయనిస్తావేటే! మల్లీ పడకపోతేనో?"

పదకొండూ యాభై ఆరు. చేసేదేమీ లేక దుర్గ మోకాళ్ళ మీద కూర్చుని దారి చెప్పింది. "కుడికి తాతా. ఇంకొంచెం కుడికి. ఇప్పుడు కిందకి."

అసిరయ్య చుక్కాని పట్టినప్పటిలాగే మొహం పెట్టాడు. తొందరపడలేదు. పచ్చగడి దాటిపోతే కంగారుపడకుండా వెనక్కి తిప్పాడు. "ఇక్కడేనా?"

"అక్కడే. నొక్కు తాతా!"

నొక్కాడు. గడి ఎర్రబడింది. నారాయణమ్మ ఫోను టింగుమంది. దుర్గ చదివింది. "నారాయణమ్మ, స్టాలు నంబరు ఇరవై, ఖరారు అయినది." తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అప్పలసూరి కూడా ఏడవబోయి, మౌసు సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఎవరూ తీసుకోకుండా వదిలేశారంటే ఏదో వంకర ఉంటుందని దుర్గ పటం పరిశీలించింది. ఆ స్టాలు అన్నిటికంటే చివర, సముద్రం వైపు మూల. చిన్నబుచ్చుకుంటూ చెప్పింది. నారాయణమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుని, "గాలి అటునుంచే కదేటి కొట్టీది! నా నెత్తల్ల వాసన మేళా అంతా తిరిగొస్తాది" అని వెళ్ళి బోర్డును మళ్ళీ జనం వైపు తిప్పింది. కనురెప్పల చేప వీధిలోకి చూసింది.

అప్పుడు దుర్గ అసిరయ్య ఎడమ అరచెయ్యి చూసింది. మధ్యలో పసుపూ కుంకుమా అంటుకుని ఉంది. మీటల వైపు చూసింది. మూల మీట మీద బొట్టు చెదిరిపోయింది. బొట్టు కింద ఉన్నది బాణాన్ని ఆపడానికీ నడపడానికీ పెట్టిన మీట. దాన్ని ఒకసారి నొక్కితే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే నడుస్తుంది. పొద్దున్న ఎవరు నొక్కారో, ఇప్పుడు ఎవరు నొక్కారో అంతా అర్థమైంది. చెప్పేద్దామని నోరు తెరిచింది.

అసిరయ్య చుట్టూ ఊరుంది. ఆయన బొటనవేలు పైకెత్తి పట్టుకుని, అది తనదేనా అన్నట్టు చూసుకుంటున్నాడు. కోడలు పక్కన నిలబడి నవ్వుతోంది. కుర్రాళ్ళు ఆ వేలు ఫోటో తీసుకుంటున్నారు. దుర్గ నోరు మూసేసింది.

"తాతది పడింది కదా, మాదీ మల్లీ సూడవే!" అంటూ లైను మళ్ళీ కదిలింది. ఇప్పుడు ఎవరు పెట్టినా పడుతుంది. దుర్గ చటుక్కున లాప్‌టాప్ మూసేసింది.

"సర్వరు డౌనైపోయింది" అంది.

ఆ మాట మీద ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అలవాటైన నిట్టూర్పు ఒకటి లైను ఈ చివరినుంచి ఆ చివరికి పాకింది, అంతే. ఈశ్వర్ మాత్రం అవకాశం వదల్లేదు. "మనది నడుస్తోంది, మనది నడుస్తోంది!" అంటూ సంచిలోంచి తన మిషను తీసి అదే ఐసు పెట్టె మీద పెట్టాడు. లైను సిద్ధంగా ఉంది, ఆధారు కార్డులు చేతుల్లో ఉన్నాయి, వేళ్ళకు నిమ్మరసం పూసి ఉంది. వారం రోజులు పడుతుందనుకున్న పని మూడింటికల్లా ముగిసింది. నారాయణమ్మ పొద్దున్న తాగాల్సిన టీ అప్పుడు అందరికీ కాచింది.

చివరగా వచ్చినవాడు అసిరయ్య. ఈసారి ఎవరినీ ముందుకు పంపలేదు, మొహమాటపడలేదు. దర్జాగా బొటనవేలు పెట్టాడు. మిషను ఎర్రదీపం చూపించింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎర్రదీపమే. ఈశ్వర్ ఏదో అనబోయేలోపు ముసలాయన అతనివైపు జాలిగా చూశాడు.

"నీ మిషను పాడైపోనాది బాబూ. ఒకపాలి దుర్గమ్మకి సూపించు."